కదలని కిటికీ అద్దం

నెల్లూరు జిల్లాలో తూర్పు భాగమంతా సముద్రతీరం, పెన్నా నీటితో పండే వరిపొలాలు. పడమటి భాగం వెలిగొండల వరకు వ్యాపించిన మెట్టప్రాంతం. ఆత్మకూరు, ఉదయగిరి ఈ మెట్టప్రాంతంలోని ప్రధాన కేంద్రాలు. ఆత్మకూరు ప్రాంతంలో పెన్నా నదిపై సోమశిల జలాశయం ఉన్నది. ఉదయగిరి కొండమీది దుర్గం 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమై చరిత్రకెక్కింది. ఆత్మకూరు నుంచి జిల్లా కేంద్రమైన నెల్లూరుకు యాభై కిలోమీటర్లకు పైగా దూరం. ఉదయగిరి నుంచి అయితే అది వంద కిలోమీటర్లకు దగ్గరవుతుంది. వాహనాల కంపెనీల పెద్ద మరమ్మతు కేంద్రాలు, విడిభాగాల దుకాణాలు ఎక్కువగా నగరాలలోనే ఉంటాయి. అందువల్ల మెట్టప్రాంతపు వాహనదారునికి చిన్న లోపం కూడా ఒక పూట పనిని, కొంత డబ్బును హరించే సమస్య అవుతుంది.

ఇటువంటి ప్రాంతాలలో పాత వాహనాలు దీర్ఘకాలం సేవ చేస్తాయి. 1994లో వచ్చిన టాటా సుమో, 1998లో వచ్చిన ఇండికా, 2000లో వచ్చిన టయోటా క్వాలిస్, 2002లో వచ్చిన స్కార్పియో వంటి వాహనాలు పట్టణాలలో ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారి, చివరకు పల్లెల మధ్య అద్దెకు తిరిగే బండ్లుగా స్థిరపడటం సాధారణం. వాటిని తయారు చేసిన కాలంలో తక్కువ ధర రకాలకు చేతితో తిప్పే పిడి, ఎక్కువ ధర రకాలకు మీట నొక్కితే కదిలే విద్యుత్ కిటికీ అమర్చడం వాడుకగా ఉండేది. ఈ విద్యుత్ కిటికీనే అందరూ ‘పవర్ విండో’ అంటారు. ఇరవై ఏళ్ల వాడుక తరువాత ఒకనాడు ఆ మీట నొక్కినా అద్దం కదలదు. అప్పుడు ఏమి చేయాలి? ఏ భాగం చెడిందో ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది చిన్న విషయమా?

అద్దం కదలకపోతే బండి ఆగదు గనుక చాలామంది దీనిని చిన్న లోపంగా భావిస్తారు. కాని అద్దం దిగి ఆగిపోతే బండిని రాత్రిపూట బయట నిలపడం క్షేమం కాదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, వానజల్లు నేరుగా లోపలికి వచ్చి సీట్లను, తీగలను తడిపివేస్తుంది. అద్దం మూసుకొని ఆగిపోతే మరొక ప్రమాదం. రోహిణి కార్తె ఎండలో నిలిపిన బండి లోపలి వేడి బయటి వేడికంటే ఎంతో ఎక్కువగా పెరుగుతుంది. శీతలయంత్రం పనిచేయని పాత బండిలో చిన్నపిల్లలు, వృద్ధులు ఆ వేడిని తట్టుకోలేరు.

వరదల సమయంలో కిటికీయే ప్రాణరక్షణ మార్గం. 2021 నవంబరులో పెన్నా నదికి వచ్చిన భారీ వరద సోమశిల దిగువ గ్రామాలను ముంచి, నెల్లూరు సమీపంలో జాతీయ రహదారిని కూడా దెబ్బతీసిన సంగతి జిల్లావాసులకు తెలిసినదే. వాగు దాటబోయిన బండి నీటిలో చిక్కుకున్నదనుకుందాం. నీరు తలుపు అడుగు అంచు నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుకు చేరి, లోపలికి ఇంకా ప్రవేశించలేదు. తలుపు వెడల్పు 1 మీటరు అయితే దానిమీద నీరు కలిగించే బలం సుమారు 1,760 న్యూటన్లు, అంటే దాదాపు 180 కిలోల బరువుకు సమానం. అంత బలానికి ఎదురుగా తలుపును నెట్టడం సామాన్యునికి సాధ్యం కాదు. విద్యుత్తు అందుతున్నంతసేపట్లోనే అద్దాన్ని దించి బయటపడాలి. ఆ క్షణంలో అద్దం కదలకపోతే కలిగే నష్టానికి వెల కట్టలేము.

యంత్ర నిర్మాణం

కారు అద్దాన్ని యంత్రశక్తితో కదిలించే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని ప్యాకార్డ్ సంస్థ 1940 చివరలో, తన 1941 నమూనా కార్లలో, ద్రవపీడనంతో అద్దాలను కదిలించే ఏర్పాటును ప్రవేశపెట్టింది. తరువాతి కాలంలో చిన్న విద్యుత్ మోటార్లు ఆ ద్రవవ్యవస్థ స్థానాన్ని ఆక్రమించాయి. నేటి పవర్ విండోలో ముఖ్యమైన భాగాలు నాలుగు. అవి విద్యుత్తును తెచ్చే మార్గం, స్విచ్చి, మోటారు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్.

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల విద్యుత్తు మొదట ఫ్యూజు గుండా, చాలా వాహనాలలో రిలే గుండా కూడా ప్రయాణించి స్విచ్చిని చేరుతుంది. స్విచ్చి నుంచి బయలుదేరిన రెండు తీగలు, బండికీ తలుపుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం గుండా తలుపులోని మోటారుకు పోతాయి. మీటను పైకి నొక్కితే మొదటి తీగ ధన ధ్రువానికి, రెండవది రుణ ధ్రువానికి కలుస్తాయి. కిందికి నొక్కితే ఈ క్రమం తారుమారై మోటారు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. ఏకముఖ విద్యుత్తుతో పనిచేసే మోటారులో ధ్రువాలు మారితే భ్రమణ దిశ మారుతుందని భౌతికశాస్త్రంలో చదువుకున్న విషయమే ఇక్కడ ప్రయోజనానికి వచ్చింది.

మోటారు ఇరుసు చివర మరచుట్టులు గల ఒక చిన్న దండం ఉంటుంది. దీనిని వర్మ్ గేరు అంటారు. అది పళ్లచక్రాన్ని నెమ్మదిగా, కాని బలంగా తిప్పుతుంది. దండం చక్రాన్ని తిప్పగలదుగాని చక్రం దండాన్ని వెనుకకు తిప్పలేదు. అందుకే మూసిన అద్దాన్ని బయటినుంచి చేతితో కిందికి నొక్కినా అది దిగదు. పళ్లచక్రం రెగ్యులేటర్‌ను కదిలిస్తుంది. రెగ్యులేటర్లు రెండు రకాలు. మొదటి రకంలో కత్తెర ఆకారంలో రెండు ఇనుప చేతులు ఉంటాయి. రెండవ రకంలో ఉక్కుతీగ చిన్న కప్పీలపై నడుస్తూ అద్దాన్ని లాగుతుంది. అద్దం రెండు అంచులూ రబ్బరు పొదిగిన గాడులలో జారుతాయి.

మెట్టప్రాంతంలో లోపాలకు కారణాలు

మెట్టప్రాంతపు దారులలో లేచే సన్నని ఎర్రదుమ్ము కిటికీ అద్దంతో పాటు గాడులలోకి దిగుతుంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండకు గాడిలోని రబ్బరు గట్టిపడి పగుళ్లు వారుతుంది. దుమ్ము, గట్టిపడిన రబ్బరు కలసి అద్దాన్ని పట్టివేస్తాయి. మోటారు మీద భారం పెరుగుతుంది. తరువాత వచ్చే వానకాలంలో తలుపులోకి చేరిన నీరు బయటికి పోవడానికి కింద చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకులు వాటిని మూసివేస్తే నీరు నిలిచి, మోటారు అతుకులు తుప్పు పడతాయి. తలుపును రోజుకు పదులసార్లు తెరిచి మూసే అద్దెబండిలో, రబ్బరు గొట్టంలోని తీగలు వంగి వంగి లోపలనే తెగిపోతాయి. పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉండటం వల్ల ఆ తెగుడు కంటికి కనిపించదు.

పై కారణాలను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. అద్దం కదలకపోవడం అనే లక్షణం ఒక్కటే అయినా కారణాలు అనేకం. వాటిలో మోటారు చెడిపోవడం ఒకటి మాత్రమే. అయినా మీట నొక్కగానే కదలిక లేదని చూచి మోటారును మార్చడం తరచుగా జరిగే పొరపాటు. కొత్త మోటారు బిగించిన తరువాత కూడా అద్దం కదలకపోతే డబ్బు పోవడమే గాక లోపం కూడా అట్లాగే మిగిలిపోతుంది.

పరీక్షా క్రమం

వైద్యుడు మందు ఇచ్చే ముందు నాడి చూచినట్లే మెకానిక్ కూడా విడిభాగం కొనే ముందు లక్షణాలను పరిశీలించాలి. ఖర్చు లేని పరీక్ష ముందు, శ్రమతో కూడిన పరీక్ష తరువాత అనేది ఇందులో పాటించవలసిన సూత్రం. ఉదయగిరి, ఆత్మకూరుల మధ్య అద్దెకు తిరిగే పాత బండి ఒకటి ఉన్నదనుకుందాం. డ్రైవరు పక్కనున్న ఎడమవైపు కిటికీ అద్దం సగం దిగి ఆగిపోయింది. డ్రైవరుకు, మెకానిక్‌కు మధ్య ఇటువంటి సంభాషణ జరగవచ్చు.

“అన్నా, మోటారు పోయినట్టుంది. కొత్తది తెప్పించమంటావా?”

“మోటారు సంగతి తరువాత చూద్దాం అబ్బయ్యా. మిగతా కిటికీలు కదులుతున్నాయా, లేదా? అది చెప్పు ముందు.”

“కదులుతున్నాయన్నా. ఇదొక్కటే మొండికేసింది.”

“అట్లయితే సగం పని అయిపోయినట్టే.”

మెకానిక్ చివరి మాటలో గొప్ప తర్కం ఉన్నది. అన్ని కిటికీలూ ఒకేసారి ఆగిపోతే లోపం అందరికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే ఫ్యూజు, రిలే, లేదా వాటికి చేరే ప్రధాన తీగలో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క కిటికీ మాత్రమే ఆగితే ఉమ్మడి మార్గం సాధారణంగా బాగున్నట్లే. కొన్ని బండ్లలో ఒక్కొక్క తలుపుకు వేరువేరు ఫ్యూజులు ఉంటాయి గనుక వాటిని ఒకసారి చూచుకుంటే చాలు. ఒక్క ప్రశ్నతో వెతకవలసిన ప్రదేశం ఒక తలుపుకు, దానికి పోయే తీగలకు, స్విచ్చికి కుదించుకుపోయింది.

రెండవ ప్రశ్న స్విచ్చికి సంబంధించినది. డ్రైవరు తలుపు దగ్గర అన్ని కిటికీలకూ పనికివచ్చే ప్రధాన స్విచ్చి ఉంటుంది. అక్కడే పిల్లలు అద్దాలను కదిలించకుండా అడ్డుకునే తాళపు మీట కూడా ఉంటుంది. అది పొరపాటున నొక్కుకొని ఉంటే మిగతా తలుపుల స్విచ్చులు పనిచేయవు. దానిని ముందు చూడాలి. ఆ తరువాత ఆగిపోయిన అద్దాన్ని ప్రధాన స్విచ్చితో ఒకసారి, ఆ తలుపు స్విచ్చితో ఒకసారి కదిలించి చూడాలి. ఒకదానితో కదిలి మరొకదానితో కదలకపోతే మోటారు నిర్దోషి. కదిలించలేని స్విచ్చిలోనే లోపం. చాలా వాహనాలలో తలుపు స్విచ్చి విద్యుత్తు ప్రధాన స్విచ్చి గుండానే పోతుంది గనుక, ప్రధాన స్విచ్చి చెడితే రెండూ పనిచేయకపోవచ్చు. ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మూడవ పరీక్ష చెవితోను, కంటితోను చేసేది. బండి లోపలి దీపాన్ని వెలిగించి, ఇంజను ఆపి, తాళంచెవిని మాత్రం తిప్పి ఉంచి మీట నొక్కాలి. దీపం ఒక్క క్షణం మసకబారితే మోటారుకు విద్యుత్తు చేరుతున్నదని, కాని దానిని ఏదో కదలనీయడం లేదని అర్థం. గాడి బిగుసుకుపోవడం, అద్దం గాడినుంచి పక్కకు తప్పుకోవడం ఇందుకు కారణాలు కావచ్చు. దీపంలో మార్పు లేక, శబ్దమూ లేకపోతే మార్గంలో ఎక్కడో తెగుడు ఉన్నదనుకోవాలి. మోటారు తిరిగే శబ్దం వస్తూ అద్దం మాత్రం కదలకపోతే విద్యుత్ భాగమంతా బాగున్నట్లే. రెగ్యులేటర్ తీగ తెగడమో, చక్రపు పళ్లు అరగడమో జరిగి ఉంటుంది. అద్దం కదిలినా మెల్లగా, మూలుగుతూ కదిలితే ఎండిన గాడులను అనుమానించాలి.

నాలుగవది తీగల పరీక్ష. ఒకరు మీట నొక్కి ఉంచగా మరొకరు తలుపును నెమ్మదిగా తెరిచి మూయాలి. ఏదో ఒక స్థితిలో అద్దం కదిలితే రబ్బరు గొట్టంలోని తీగ తెగి, అప్పుడప్పుడు తాకుతున్నదని తెలుస్తుంది. తలుపు కదలికతో ఫలితం లేకపోతే, మీట నొక్కి ఉంచి మోటారు ఉన్న చోట తలుపు తొడుగుమీద అరచేతితో తట్టాలి. అప్పుడు కదిలితే మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయని ఊహించవచ్చు. అట్టి మోటారు కొద్దిరోజులు మాత్రమే పనిచేస్తుంది.

ఈ నాలుగు పరీక్షలకూ ఒక్క మర కూడా విప్పనవసరం లేదు. వీటితో తేలకపోతేనే మెకానిక్‌లు ‘డోర్ ప్యాడ్’ అని పిలిచే తలుపు లోపలి తొడుగును తీయాలి. మోటారుకు పోయే ప్లగ్గును విడదీసి, ఆ రెండు తీగల మధ్య టెస్ట్ ల్యాంపు ఉంచి మీటను పైకి, కిందికి నొక్కాలి. రెండుసార్లూ దీపం వెలగకపోతే లోపం స్విచ్చిలోనో తీగలోనో ఉన్నది. వెలిగితే విద్యుత్తు మోటారు వరకు వస్తున్నది. అయితే దీపానికి కావలసిన విద్యుత్తు స్వల్పం. తుప్పు పట్టిన అతుకు దీపాన్ని వెలిగించగలిగినా మోటారును తిప్పలేకపోవచ్చు. కాబట్టి చివరి నిర్ణయానికి ముందు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కూడిన రెండు తీగలను నేరుగా మోటారుకు కలిపి చూడాలి. అప్పుడు కూడా తిరగకపోతే, గాడి గాని రెగ్యులేటర్ గాని దానిని బిగించిపట్టడం లేదని నిర్ధారించుకున్న తరువాత, మోటారు చెడినదని నిశ్చయించవచ్చు.

మన ఉదాహరణలోని బండిలో తలుపు సగం తెరిచినప్పుడు అద్దం ఒక్కసారి అదిరి కదిలిందనుకుందాం. గొట్టాన్ని జరిపి చూస్తే తెగిన తీగ బయటపడుతుంది. దానికి సరిపోయే మరొక తీగ ముక్కను అతికి, అతుకును గట్టిగా కప్పి, వంపు పడే చోటుకు దూరంగా అమర్చితే పని పూర్తి అవుతుంది. కొత్త మోటారు అవసరం లేదు. నెల్లూరు ప్రయాణమూ అవసరం లేదు.

చేయకూడని పనులు

ఫ్యూజు పోయిన చోట దానికంటే ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజును గాని, రాగితీగ ముక్కను గాని పెట్టకూడదు. ఇందుకు కారణాన్ని లెక్కతో గ్రహించవచ్చు. తిరుగుతున్న మోటారు తనలో తాను వ్యతిరేక విద్యుచ్చాలక బలాన్ని పుట్టించుకొని విద్యుత్ ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. అది బిగుసుకుపోయి ఆగితే ఆ అదుపు పోతుంది. 5 ఆంపియర్లతో తిరిగే మోటారు ఆగిన స్థితిలో 20 ఆంపియర్లు లాగుతున్నదనుకుంటే, 60 వాట్ల స్థానంలో 240 వాట్లు ఖర్చవుతాయి. కదలిక లేదు గనుక ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. ఫ్యూజు ఆ వేడినుంచి తీగలను కాపాడే కావలివాడు. కావలివానిని తొలగిస్తే తీగలు కాలి బండికే నిప్పు అంటుకోవచ్చు. కదలని అద్దం కోసం మీటను అదేపనిగా నొక్కి ఉంచడం కూడా ఈ కారణం చేతనే తగదు. కొన్ని మోటార్లు వేడెక్కితే తమంతట తామే ఆగి, చల్లారిన తరువాత మళ్లీ తిరుగుతాయి.

ఎండిన గాడులకు ఇంజన్ ఆయిలు, గ్రీజు పూయడం మరొక పొరపాటు. నూనె రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. జిడ్డుకు దుమ్ము మరింతగా అంటుకుంటుంది. గాడిని తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత సిలికాన్ స్ప్రే కొట్టడం సరియైన పద్ధతి. గ్రీజు రెగ్యులేటర్ ఇనుప భాగాలకు మాత్రమే పనికివస్తుంది.

తలుపు లోపల చేయిపెట్టే ముందు అద్దాన్ని పైకి ఎత్తి, తలుపు చట్రానికి గట్టి టేపుతో అంటించి, బ్యాటరీ తీగను విడదీయాలి. కత్తెర రకం రెగ్యులేటర్‌లో బిగించిన స్ప్రింగు ఉంటుంది. మోటారును విప్పగానే అది ఒక్కసారిగా విడిపోయి వేళ్లను నలిపివేయగలదు. పాత వాహనాలలో చాలావాటికి, అడ్డు తగిలితే అద్దం తనంతట తానే వెనుకకు మళ్లే ఏర్పాటు లేదు. పిల్లలు కిటికీలోనుంచి తల, చేతులు బయటపెట్టి ఉండగా మీటను తాకకూడదు.

నీటిలో చిక్కుకున్న బండిలో అద్దం కదలకపోతే పక్క కిటికీ అద్దపు మూలను మొనదేలిన గట్టి వస్తువుతో కొట్టి పగులగొట్టాలి. పక్క అద్దాలు సాధారణంగా చిన్న ముక్కలుగా రాలిపోయే రకానివి. ముందు అద్దం రెండు పొరల మధ్య అంటుపొర గలది గనుక దానితో పోరాడి కాలం వృథా చేయరాదు.

పద్ధతి విలువ

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళా వస్తువులు. కత్తి పెట్టే ముందు కొయ్య పోగు ఎటు నడుస్తున్నదో చూచుకోనిదే ఏ కొయ్యపనీ కుదరదు. ఎదురుపోగున కోస్తే మంచి కొయ్య కూడా చీలిపోతుంది. మెకానిక్ పని కూడా ఇటువంటిదే. విప్పడానికి ముందు చూడటం, మార్చడానికి ముందు పరీక్షించడం అందులోని అసలు నేర్పు. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క కారణాన్ని తొలగిస్తూ పోగా చివరకు మిగిలినదే దోషం. ప్రయోగశాలలో శాస్త్రవేత్త అనుసరించే మార్గమూ ఇదే.

ఈ నేర్పుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక టెస్ట్ ల్యాంపు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు, వినే చెవి, తొందరపడని మనస్సు ఉంటే చాలు. పదవ తరగతి తరువాత పారిశ్రామిక శిక్షణ సంస్థలలో రెండేళ్ల మోటారు వాహనాల మెకానిక్ శిక్షణ పొందే యువకులకు, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు మధ్య విద్యుత్తు సూత్రాలలో భేదం లేదు. తరగతిలో నేర్చిన ఓమ్ నియమం పాతబండి తలుపులో కూడా పనిచేస్తుందని గుర్తించిన విద్యార్థి, ఇంట్లో ఆగిపోయిన పంకాను, పొలంలో నీరు పోయని మోటారును కూడా ఇదే క్రమంలో పరిశీలించగలడు. మరమ్మతు తాను చేయలేకపోయినా, ఏ భాగానికి ఎందుకు డబ్బు చెల్లిస్తున్నాడో తెలుసుకొని చెల్లించగలడు.